నీలం గళ్ల చొక్కా

నేపర్‌విల్‌లో కూతురింటికి వచ్చిన నాలుగు నెలల్లోనే భీమశంకర్ చేతిరాతకు ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లలో పేరొచ్చింది. మొదట కూతురు నళిని వంటింట్లో పప్పుల సీసాలకు పేర్లు రాసి అంటించాడు. అవి చూసి ఆమె స్నేహితురాలొకామె గృహప్రవేశం పిలుపు రాయించుకుంది. ఆ తరవాత గుడివాళ్లు బయట పెట్టే బోర్డు ఆయనకే అప్పగించారు. "అచ్చేసినట్టుంది అంకుల్" అని అందరూ అంటుంటే డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఆ రాత మీదే ఆయన బతికాడు. ముప్పై నాలుగేళ్ల పోలీసు కొలువులో ఇరవై రెండేళ్లు స్టేషన్ రైటరు. పేరుకు హెడ్ కానిస్టేబులే గాని లాఠీ పట్టింది తక్కువ, కలం పట్టింది ఎక్కువ. ఎవరో ఏడుస్తూ గంటసేపు చెప్పుకున్నదాన్ని పదిహేను వరసల్లోకి దించి, కోర్టులో నిలబడేట్టు రాయడం ఆయన పని. ఎస్సైలు వచ్చేవాళ్లు, బదిలీ అయిపోయేవాళ్లు. ఏ ఎస్సై వచ్చినా మొదటి వారంలోనే ఆయన్ని పిలిచి, నువ్వు రాయి, నేను సంతకం పెడతా అనేవాడు. ఆయన రాసిన కాగితం లోపముందని ఏ కోర్టూ తిప్పి పంపలేదు. ఆ సంగతి రిటైరైన రోజు సభలో కూడా చెప్పారు.

మే నెల మొదటి శనివారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది. నళిని, అల్లుడు ఇంకా లేవలేదు. పేరు చూసి భీమశంకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎదురుగా వంటగట్టు మీద టోస్టరు తప్ప ఎవరూ లేరు.

"ఏమయ్యా శంకరం, అమెరికా ఎండకు నల్లబడ్డావా, చలికి తెల్లబడ్డావా?"

ధర్మారావు. మల్లెపాడు స్టేషన్లో ఎస్సైగా చేసినప్పుడు భీమశంకర్ ఆయన కింద రైటరు. డీఎస్పీగా రిటైరయ్యాడు. గొంతు మాత్రం రిటైర్ కాలేదు.

"బాగున్న సార్."

"గురువారం నిన్ను పిలుస్తున్నారంట. ఏం చెబుతావ్?"

"అడిగిందానికి చెప్త సార్."

"అడిగేది చొక్కా సంగతొక్కటే. వేరే కేసు కాగితం ముందర పెట్టుకుని రాస్తుంటే పొరపాటున అందులోంచి పడిందను. ఇరవై ఏడేళ్లయింది, డెబ్బై దాటినోడివి, ఎవడు కాదంటాడు?" ధర్మారావు గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. నా సంతకాల కింద వెయ్యి కాగితాలుంటాయి. అన్నీ చదివి పెట్టానా? రాత మాత్రం నీదే శంకరం. ఆలోచించుకో."

ఆ తరవాత బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు, మనవరాలు ఏం చదువుతోందని అడిగాడు, జాగ్రత్త అని పెట్టేశాడు. ఫోను పెట్టాక కూడా భీమశంకర్ నిలబడే ఉన్నాడు.

ఇరవై ఏడేళ్ల కిందట మల్లెపాడు అడవి అంచున తెల్లవారుజామున ఎదురుకాల్పులు జరిగాయని, అందులో దివాకర్ అనే ఇరవై రెండేళ్ల డిగ్రీ విద్యార్థి చనిపోయాడని కాగితాల్లో ఉంది. లొంగిపొమ్మని హెచ్చరించగా వినక కాల్పులు జరిపాడనీ, పోలీసులు ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపారనీ ఎస్సై ధర్మారావు ఇచ్చిన రిపోర్టు చెబుతుంది. ఆ రిపోర్టు భీమశంకర్ చేతిరాత. మృతుడి ఆనవాళ్ల దగ్గర "నీలం గళ్ల చొక్కా, గోధుమరంగు ప్యాంటు" అని ఉంది. మర్నాడు మేజిస్ట్రేటు సమక్షంలో జరిగిన శవపంచనామాలోనూ, ఫొటోల్లోనూ ఆ ఒంటిమీద అడవిలో దళాలవాళ్లు వేసుకునే ఆలివ్ గ్రీన్ దుస్తులున్నాయి.

ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఇన్నేళ్లూ లేడు. చివరకు దివాకర్ అక్క నాగమణి చూసింది. ఆమె బడిపంతులమ్మ. సమాచార హక్కు కింద ఒక్కో కాగితం తెచ్చుకుంటూ పోయి, కోర్టుకెక్కి, రిటైర్డు జడ్జితో విచారణ వేయించింది. వాళ్ల నోటీసు భీమశంకర్‌ను వెతుక్కుంటూ నేపర్‌విల్ వరకూ వచ్చింది. వీడియోలో సాక్ష్యం ఇవ్వొచ్చన్నారు. ఏదో పాత కేసు, రెండు ముక్కలు చెబితే అయిపోతుందిగా నాన్నా అంది నళిని. ఆయన అవునన్నాడు.

నిజమేమిటో భీమశంకర్‌కు తెలుసు. ఆ రిపోర్టు తెల్లవారాక రాసింది కాదు. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి రాసింది. రేపటికి కావాలి, టైము దగ్గర ఖాళీ వదిలెయ్ అన్నాడు ధర్మారావు. అప్పటికి దివాకర్ స్టేషన్ లాకప్‌లో ఉన్నాడు. ఆనవాళ్ల దగ్గరకు వచ్చేసరికి భీమశంకర్ అలవాటు ప్రకారం తలెత్తి చూశాడు, కనబడింది కనబడినట్టు రాశాడు. రాత్రి వాళ్లు బట్టలు మారుస్తారని ఆయనకెవరూ చెప్పలేదు. మర్నాడు ఫొటోలు చూసేసరికి రిపోర్టు కోర్టుకు వెళ్లిపోయింది. ఎన్నడూ తప్పు పోని రాత ఆ ఒక్కసారి తప్పిపోయింది. తప్పింది నిజం రాయడం వల్ల.

పదకొండు గంటలకు మనవరాలు నిధి చేతినిండా కాగితాలతో భోజనాల బల్ల దగ్గరికొచ్చింది. పదహారేళ్ల పిల్ల. శుక్రవారం బడిలో హిస్టరీ క్లాసువాళ్లు విచారణ నడుపుతున్నారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక న్యూరెంబర్గ్‌లో అమెరికన్ జడ్జీల ముందు జర్మన్ సైన్యంలో పెద్దపెద్ద అధికారులను నిలబెట్టిన కేసట. నిజం కాగితాలే తీసుకుని, జనరల్‌ను మాత్రం టీచరు కల్పించిందట. నిధి ప్రాసిక్యూటరు. అవతల జనరల్ తరఫున వాదించేవాడు కౌశిక్ అనే పిల్లవాడు. నిన్ను రెండు నిమిషాల్లో కూర్చోబెడతానని క్లాసందరి ముందూ అన్నాడట.

"తాతా, నువ్వు జనరల్. నేను క్వశ్చన్స్ అడుగుతాను, నువ్వు డినై చేయాలి. ప్రాక్టీస్ కోసం."

"జనరల్ అంటే ఐజీ కన్నా పెద్దనా?"

"వే బిగ్గర్. త్రీ లాక్ సోల్జర్స్ ఉంటారు నీ కింద."

"అయితే కూసునే చెప్త" అన్నాడు భీమశంకర్.

నిధి తనకొచ్చిన తెలుగులో సంగతి చెప్పింది. రష్యా మీదికి పోయే ముందు, పంతొమ్మిది వందల నలభై ఒకటి జూన్‌లో, జర్మన్ పై కమాండ్ ఒక ఆర్డరు పంపింది. పట్టుబడిన సోవియట్ సైన్యంలో రాజకీయ అధికారులను ఖైదీలుగా ఉంచొద్దు, అక్కడికక్కడే కాల్చెయ్యండి అని. ఆర్డరు మెట్టుమెట్టుగా కిందికి దిగింది. కింద నుంచి ఇంతమందిని కాల్చాం అని లెక్కలు మెట్టుమెట్టుగా పైకొచ్చాయి. యుద్ధం ఓడిపోయాక జనరళ్లు, మేం సైనికులం, మాకేం తెలియదు అన్నారు.

ఆమె కాగితం తీసి మొదలుపెట్టింది. ఈ ఆర్డరు మీ హెడ్‌క్వార్టర్స్‌కు వచ్చిందా అంటే, రోజుకు నూరు కాగితాలొస్తాయి అన్నాడు భీమశంకర్. దీనిమీద మీ పొడిసంతకం ఉంది అంటే, అది చూసినట్టు గుర్తు, ఒప్పుకున్నట్టు కాదు అన్నాడు. కిందికి పంపారు కదా అని అడిగింది.

"పైనుంచి వచ్చింది కిందికి పంపుడు నా డ్యూటీ. అమలు చెయ్యొద్దని నోటిమాటగా చెప్పిన."

"ఎవరికి చెప్పారు?"

"వాళ్లు యుద్ధంలో పోయిన్రు."

"మరి కింద నుంచి నంబర్స్ వచ్చాయి. ఇంతమందిని షూట్ చేశాం అని."

"పైవాళ్లు అడుగుతరని ఉత్తుత్తి లెక్కలు రాసి పంపిన్రు. నేను ఒక్కణ్ని కూడ చంపలేదు."

నిధి పెన్ను బల్లమీద పెట్టేసింది.

"తాతా, ఇదంతా నేను నీకు చెప్పలేదు. రియల్ జనరల్స్ ఎగ్జాక్ట్‌గా ఇదే అన్నారు. ఇట్స్ ఇన్ ది ప్యాకెట్. నీకెలా తెలుసు?"

"ఎక్కడైనా అట్లనే ఉంటది బిడ్డా" అన్నాడాయన. లేచి మంచినీళ్లు తాగి వచ్చాడు. "నువ్వు ఎందుకు, ఎందుకు అని అడుగుతున్నవ్. ఎందుకు అనేదానికి ప్రతోని దగ్గర జవాబుంటది. ఎప్పుడు అని అడుగు. ఆ కాగితం ఎప్పుడు నీ చేతికొచ్చింది, ఎప్పుడు నీ చేతుల నుంచి పోయింది, ఆ పూట నువ్వు ఎక్కడున్నవ్. అబద్ధం చెప్పెటోడు కారణం తయారు పెట్టుకుంటడు గాని గడియారం తయారు పెట్టుకోడు."

నిధి ఆ మాట అలాగే ఇంగ్లీషులోకి మార్చుకుని కార్డు మీద రాసుకుంది. సాయంత్రం తల్లికి చూపించి, తాత ఎంత స్మార్టో చూడు అని చెప్పింది. నళిని నవ్వి, ఎంతమంది దొంగలను చూశాడనుకున్నావ్ అంది. భీమశంకర్ ఆ పూట చపాతీ ఒకటే తిన్నాడు.

ఆదివారం, సోమవారం ఆయన నది ఒడ్డున నడిచాడు. నడుస్తూ ధర్మారావు చెప్పిన జవాబును నోట్లో తిప్పిచూసుకున్నాడు. వేరే కేసు కాగితం, పొరపాటున. మొదట కొంచెం అడ్డం పడింది. పది సార్లు అనేసరికి నున్నగా జారింది. పనివాడిగా చూస్తే మంచి జవాబే. దాన్ని విరగ్గొట్టాలంటే ఆ వేరే కేసు కాగితం ఏదో చూపించమనాలి. మల్లెపాడు స్టేషన్ పాత రికార్డు వరదలో పోయిందని అందరికీ తెలుసు. ఎవరికీ ఏమీ కాదు. తనకు కాదు, నళినికి కాదు. నిధి కార్డుమీద రాసుకున్న మాట కూడా అక్కడే ఉంటుంది.

మంగళవారం బడి నుంచి రాగానే నిధి బ్యాగు కూడా దించకుండా ఆయన గదిలోకి వచ్చింది.

"తాతా, ఒకటి దొరికింది. ఇందులో ఒక లాయర్ ఉన్నాడు. ఆర్మీ లాయర్. అతను అసలు ఫ్రంట్‌కే వెళ్లలేదు. ఆఫీస్‌లో కూర్చుని ఆర్డర్స్‌ని లీగల్ లాంగ్వేజ్‌లో పెట్టాడు, అంతే. జస్ట్ రోట్ ఇట్. అతన్ని కూడా గిల్టీ అన్నారు."

భీమశంకర్ చదువుతున్న పత్రిక మడిచాడు. "రాసినోన్నా?"

"అవును. వాళ్లు చెప్పిందేంటంటే, పైవాడి మైండ్‌లో ఐడియా ఉంటే సరిపోదు, ఎవరో దాన్ని పనిచేసే కాగితంగా చేయాలి. చేసినవాడిది కూడా క్రైమ్."

"ఎన్నేళ్లు ఏసిన్రు?"

"సెవెన్. బట్ ఫుల్‌గా లేడు, ముందే వదిలేశారు. లైఫ్ పడ్డ జనరల్స్ కూడా సిక్స్ ఇయర్స్‌లో ఇంటికెళ్లిపోయారు. సో స్టుపిడ్." ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వు ఆ లాయర్ అయితే ఏం చెప్తావ్? కౌశిక్ అతన్ని విట్‌నెస్‌గా తెస్తాడు. చెప్పు."

జనరల్‌గా వరసగా జవాబులిచ్చిన మనిషి ఈసారి తలనొప్పిగా ఉందన్నాడు. నిధి ఆయన నుదురు మీద చెయ్యివేసి చూసి, జ్వరం లేదని చెప్పి, టీ పెట్టడానికి వెళ్లింది.

ఆమె వెళ్లాక ఆయనకు ఆ మధ్యాహ్నం కళ్లముందుకొచ్చింది. ఎప్పుడూ రానిదేం కాదు, అయితే ఇంతకాలం మధ్యలో ఆపేసేవాడు. లాకప్ ఎదురుగా పది అడుగుల దూరంలో రైటరు బల్ల. సగం రాశాక ఆ కుర్రవాడు నీళ్లు అడిగాడు. కానిస్టేబుళ్లెవరూ లేరు, భీమశంకర్ తానే లేచి స్టీలు గ్లాసులో ముంచి ఊచల్లోంచి ఇచ్చాడు. కుర్రవాడు తాగి గ్లాసు తిరిగి ఇస్తూ బల్ల మీదికి చూశాడు. అంత దూరం నుంచి అక్షరాలు చదవడానికి రావు, వరసలు మాత్రం కనిపిస్తాయి.

"మీ రాత చాలా బాగుంది సార్. ఏం రాస్తున్నారు?"

"రోజువారీది" అన్నాడు భీమశంకర్. మళ్లీ కూర్చుని, నీలం గళ్ల చొక్కా దగ్గర నుంచి మిగిలింది పూర్తిచేశాడు.

బుధవారం సాయంత్రం ఆయన తెల్లకాగితం తీసుకుని గురువారం చెప్పాల్సింది రాసుకున్నాడు. పద్నాలుగు వరసలు. అప్పట్లో పనిభారం ఎక్కువని, ఒకే పూట మూడు కేసుల కాగితాలు రాయాల్సి వచ్చిందని, దుస్తుల వివరం పొరపాటున పడి ఉంటుందని. ఎక్కడా కొట్టివేత లేదు. చదివి చూసుకున్నాడు, కోర్టులో నిలబడుతుంది.

గురువారం పొద్దున్న ఐదున్నరకు నిధి బేస్‌మెంట్‌లో లాప్‌టాప్ పెట్టింది. అక్కడ సాయంత్రం నాలుగు గంటలు. బయట ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు, చిన్న కిటికీలోంచి గడ్డి చివర్లు కనిపిస్తున్నాయి. భీమశంకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిచేసి దువ్వుకుని కూర్చున్నాడు. కాగితం లాప్‌టాప్ పక్కనే పెట్టుకున్నాడు. నిధి కెమెరా సరిచేస్తూ ఆ కాగితం మీదికి వంగింది. ఆమెకు తెలుగు చదవడం రాదు.

"నీ హ్యాండ్‌రైటింగ్ ఎంత బాగుందో తాతా. ఏం రాశావ్?"

ఆయన కాగితం మీద చెయ్యి ఆనించి ఉంచాడు. రెండో చెయ్యి కూడా దానిమీద పెట్టుకున్నాడు. తాత భయపడుతున్నాడనుకుంది నిధి. ఊరికే క్వశ్చన్స్ తాతా, నువ్వు ఎక్స్‌పర్ట్‌వి కదా, అంది.

ఆరింటికి తెర మీద గది వచ్చింది. మధ్యలో జడ్జి, ఆయన పక్కన రాసుకునే మనిషి, ఇటు విచారణ తరఫు న్యాయవాది. ఆమె తన పేరు చెప్పింది గాని భీమశంకర్ చెవికెక్కలేదు. ఆయన మనసులో దివాకర్ అన్న ఒక్క పేరే తిరుగుతోంది. ముందు వరసలో ధర్మారావు కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వెనక వరసలో తెల్లజుట్టు ఆడమనిషి ఒళ్లో ఫైలు పెట్టుకుని ఉంది. ఆమె ఎవరో చెప్పక్కర్లేదు. కనుబొమలు తమ్ముడివే.

గదిలో మీతోపాటు ఇంకెవరైనా ఉన్నారా అని జడ్జి అడిగాడు. మనవరాలు ఉంది, యంత్రం చూసుకోవడానికి అన్నాడు భీమశంకర్. ఉండొచ్చు, మధ్యలో మాట్లాడకూడదు అన్నాడు జడ్జి. ఆమెను పైకి పంపడానికి అదొక్కటే అదను. భీమశంకర్ వెనక్కి తిరిగి చూశాడు. నిధి మెట్లమీద కూర్చుని మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు.

ప్రమాణం అయింది. న్యాయవాది రిపోర్టు తెర మీద చూపించింది. ఇరవై ఏడేళ్ల తరవాత కూడా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఈ రాత ఎవరిదని ఆమె అడిగింది. నాదే అన్నాడు. సంతకం ఎవరిదంటే ఎస్సైగారిది అన్నాడు. తెర మూలలో ధర్మారావు కాలు దించాడు. మీరు కాల్పుల చోటికి వెళ్లారా అంటే లేదన్నాడు. శవాన్ని చూశారా అంటే చూడలేదన్నాడు. న్యాయవాది దివాకర్ శవం ఫొటో చూపించింది, రిపోర్టులో చొక్కా వరస కింద వేలు పెట్టింది. చొక్కా ఎందుకు అలా రాశారని అడుగుతుందని ఆయన ఎదురుచూశాడు. పద్నాలుగు వరసలూ ఆ ప్రశ్నకే సిద్ధంగా ఉన్నాయి.

"ఈ నీలం గళ్ల చొక్కా మీరు ఎప్పుడు చూశారు?" అని అడిగింది ఆమె.

వెనక మెట్లమీద నిధి కదిలిన చప్పుడు వినిపించింది. ఆ ప్రశ్న ఆమెకు తెలుసు. తన కార్డు మీద ఉంది.

"నేను అతనికి నీళ్లిచ్చినప్పుడు" అన్నాడు భీమశంకర్.

ధర్మారావు లేచి ఏదో అనబోతే జడ్జి చెయ్యెత్తి ఆపాడు. నీళ్లు ఎక్కడిచ్చారు, ఎప్పుడిచ్చారు, వివరంగా చెప్పండి అన్నాడు. ఆ తరవాత పక్కనున్న మనిషిని చూసి, కొంచెం నిదానంగా, రాసుకుంటున్నారు అని చేర్చాడు.

రాసే చెయ్యి ఎంత వేగంతో పోతుందో భీమశంకర్‌కు తెలుసు. పక్కనున్న కాగితాన్ని బోర్లా తిప్పాడు. ఒక్కో ముక్క విడగొట్టి, అవతలి పెన్ను ఆగేదాకా ఆగుతూ చెప్పసాగాడు.

"ముందురోజు మధ్యాహ్నం... మూడు గంటలకు... స్టేషన్ లాకప్‌లో... బతికి ఉండగా..."